బ్యాంకు స్థాపకుని రాజనీతి

ధనాగారపు తాళములు చేతబట్టినవాడు రాజ్యాధికారమునకు గూడ చేయి చాచినప్పుడు ప్రజలు సందేహించుట సహజము. అప్పిచ్చువానిని అవసరమునకు ఆశ్రయించుటయు, అవసరము తీరినపిదప నిందించుటయు లోకమున నున్నదే. ఫ్రాన్సుదేశ చరిత్రలో ఈ సందేహమునకు పలుమాఱులు తావు గలిగినది. పారిసు నగరమున బ్యాంకు నడపి, ఫ్రాన్సు బ్యాంకు పాలకవర్గమున సభ్యుడుగా నుండిన కాసిమీర్ పెరియే 1831 మార్చిలో లూయీ ఫిలిప్పు రాజునకు ప్రధానమంత్రి యయ్యెను. ఆ యేడే లియోను పట్టణమున పట్టునేతగాండ్రు కూలి చాలదని తిరుగబడగా ఆయన ప్రభుత్వము సైన్యమును బంపి యణచివేసెను. మఱుసటి యేడు మే నెలలో కలరా సోకి ఆయన మరణించెను. మన కాలమునకు దగ్గఱగా జార్జి పాంపిడూ కలడు. ఆయన ఉపాధ్యాయుడుగా జీవితము నారంభించి, రాత్‌చైల్డు బ్యాంకున పెద్ద యుద్యోగము చేసి, 1962లో ద గాల్ సేనానికి ప్రధానమంత్రియై, 1969లో తానే అధ్యక్షుడై, 1974లో పదవిలో నుండగనే కన్నుమూసెను. ఇరువురును సంప్రదాయపక్షమువారే. ఇరువురిని గుఱించియు లోకము ఒకే ప్రశ్న యడిగినది: వీరు దేశమును పాలించిరా, లేక దేశమును గూడ ఒక ఖాతాపుస్తకముగా జూచిరా?

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. తెలుగువారిలోను బ్యాంకు స్థాపించిన చేతితోనే రాజకీయముల పగ్గము పట్టి, మితవాది యని పేరు పొంది, భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్షపదవి నధిష్ఠించిన మహాశయు డొకరుండిరి. వారు డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు. వారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమై, నూఱవ యేడు చూడకయే పేరు కోల్పోయినది. వారి చరిత్రను నేడు నిజామాబాదు, బోధను, ఆర్మూరు, ఏర్గట్ల ప్రాంతములవారు ఏల తలపోయవలెననగా, చెఱకునకును పసుపునకును పెట్టుబడి వెదకుకొను రైతు ఎవని గడపకు పోవలసివచ్చుచున్నదను ప్రశ్న ఆ చరిత్రతో ముడిపడియున్నది గనుకనే.

పట్టాభిగారు పుట్టుకచేత ధనికులు గారు. వృత్తిచేత బ్యాంకరులు నంతకన్న గారు. 1880లో గుండుగొలనులో జన్మించి, మదరాసులో వైద్యవిద్య ముగించి, మచిలీపట్టణమున వైద్యులుగా స్థిరపడిరి. ఆ పట్టణ మానాడు స్వదేశీ భావములకు నెలవు. ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభిగారు కలిసి 1910లో అచట ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. విద్య మనదైన చాలదనియు, విత్తము గూడ మనది కావలెననియు వారి కార్యక్రమమే చెప్పుచున్నది. 1915లో కృష్ణా సహకార బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ మ్యూచువల్ ఇన్సూరెన్సు కంపెనీ యొకదాని వెనుక నొకటి వెలసినవి. నాడి చూచు వైద్యుడు ఊరి రక్తహీనతకు గూడ మందు వెదకె ననవచ్చును.

ఆ రక్తహీనత యెట్టిదో చెప్పుకొనవలెను. కృష్ణా గోదావరి కాలువల క్రింద పంట పెరిగినది. రైతుచేతికి నాలుగు రాళ్లు వచ్చినవి. కాని ఆ సొమ్ము భద్రముగా దాచుకొనుటకు చోటు లేదు. మఱుసటి యేటి సేద్యమునకు తగిన వడ్డీకి అప్పు పుట్టుటకు దారి లేదు. 1906లో మదరాసునందలి ఆర్బత్‌నాట్ అను ఆంగ్లేయుల వర్తక కంపెనీ దివాలా తీయగా, తెల్లవారి పేరు జూచి నమ్మి దాచుకొన్న వేలకొలది మదుపుదారుల సొమ్ము నీటబడినది. ఆ దెబ్బనుండియే 1907లో మదరాసున ఇండియన్ బ్యాంకు పుట్టినది. మన ధనమునకు మనమే కావలి యుండవలెనను బుద్ధి దక్షిణదేశమున అట్లు మేల్కొనినది. 1923 నవంబరు 20వ తేదీన రిజిస్టరయి, 28వ తేదీన వ్యాపారము మొదలిడిన ఆంధ్రా బ్యాంకునకు చెల్లించబడిన మూలధనము లక్ష రూపాయలు మాత్రమే. నేటి లెక్కకు నది స్వల్పము. కాని అది సర్కారు ఖజానానుండి వచ్చినది గాదు. వాటాదారులు తమ పెట్టెలు తెఱచి యిచ్చినది.

ఆ 1923వ సంవత్సరముననే మన ప్రాంతమున మఱియొక గొప్ప నిర్మాణమునకు పూనిక జరిగినది. మంజీరానదిపై అచ్చంపేట యొద్ద నిజాంసాగరము పని నిజాం ప్రభుత్వ మారంభించి 1931 నాటికి పూర్తిచేసినది. దాని రూపకర్త నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు. ఆ నీటివలననే బోధను చుట్టుపట్ల చెఱకు విస్తరించినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, దాని చెంత శక్కర్‌నగరు ఏర్పడినది. తీరాంధ్రమున ప్రజలు తమ పొదుపును కూడబెట్టి బ్యాంకు కట్టుకొనుచున్న యేటనే, ఇచ్చట ప్రభువు తన ఖజానాతో జలాశయము కట్టెను. రెండును చెఱువులే. ఒకదానిలో వాననీరు నిలుచును. రెండవదానిలో జనుల పొదుపు నిలుచును. నిలిచినదానిని తూము తెఱచి అదనునకు పొలమునకు బాఱించుటయే రెండింటి ప్రయోజనము. భేద మెచ్చట నన్న, ఒక చెఱువునకు గట్టు కాచువాడు ప్రభువు, రెండవదానికి వాటాదారుడు.

ఇట్లు సొమ్ము కావలి నేర్చిన పట్టాభిగారు రాజకీయములందు గూడ ఆ స్వభావమునే చూపిరి. ఇతరుల నిల్వధనము చేతిలో నున్నవానికి మొదటి ధర్మము దానిని పోగొట్టకుండుట. పెంచుట తరువాతి మాట. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాష్‌చంద్ర బోసుగారికి పోటీగా గాంధీమహాత్ముని యాశీస్సులతో వారు నిలిచిరి. బోసుగారికి 1580, వీరికి 1377 ఓట్లు వచ్చినవి. ఆ యోటమి పట్టాభిదానికంటె తనదే యెక్కువయని మహాత్ముడు ప్రకటించినది లోకవిదితమే. ఆనాటి యువకులు బోసుగారిని సాహసమునకును, పట్టాభిగారిని జాగ్రత్తకును ప్రతిరూపములుగా భావించిరి. వామపక్షమువారు వీరిని మితవాది యనిరి. ఆ మాట నిందగా బుట్టినను అందు సత్యము లేకపోలేదు. సంస్థను నిలువబెట్టిననే సంగ్రామము నిలుచునను పక్షము వారిది.

ఐనను పెరియేవంటి ధనికుని సంప్రదాయపక్షమును, పట్టాభిగారి మితవాదమును ఒకే త్రాసున దూచుట న్యాయము గాదు. పెరియే తన తరగతివారి ఆస్తి కాపాడుటకు మంత్రి యయ్యెనని ప్రతిపక్షు లనిరి. లియోను వీధులు వారి మాటకు బలమిచ్చినవి. పట్టాభిగారన్ననో వైద్యవృత్తిని విడిచి ఉద్యమమున దిగి, 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకేగి, 1942 మొదలు 1945 వఱకు అహమదునగరు కోటలో నెహ్రూ, పటేలు ప్రభృతులతో బందీగా నుండిరి. అఖిల భారత సంస్థాన ప్రజా పరిషత్తు నాయకులలో నొకరై సంస్థానాధీశుల నిరంకుశత్వమునకు ఎదురునిలిచి వాదించిరి. అది మనవంటి నిజాం ప్రజల పక్షము. 1937లో మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ నిజామాబాదులో జరిగిననాడు ఇచ్చటివారు కోరిన స్వాతంత్ర్యములకు బ్రిటిషు ఇండియాలో వాదించు గొంతులలో వారిదొకటి. కాపాడవలసినది ఏలికల ప్రతిష్ఠ గాదు, ప్రజల సంస్థలని వారి జీవితము చెప్పుచున్నది. సంరక్షణమున నిట్టి విచక్షణ యున్నచో అది యభ్యుదయమునకు శత్రువు గాదు.

గుణము చెప్పినచోట దోషము గూడ చెప్పవలెను. బ్యాంకరు జాగ్రత్తకు ఒక జాడ్యమున్నది, అది వాయిదా. ఇయ్యవలసినదానిని రేపని చెప్పుట బ్యాంకున వివేకము గావచ్చును గాని, రాజ్యతంత్రమున వడ్డీ పెంచుకొనుట యగును. భాషాప్రాంతముల కోర్కెను కాంగ్రెసులో తొలినుండి వాదించినవారిలో పట్టాభిగారు ముఖ్యులు. అట్టివారు 1948లో జయపురము కాంగ్రెసునకు అధ్యక్షులైనపిదప, జవాహరులాలు, వల్లభభాయిగారలతో కలిసి ఉపసంఘముగా నేర్పడి, 1949 ఏప్రిలులో భాషాప్రాంతముల నిర్మాణము కొంతకాలము వాయిదా వేయుట మంచిదనిరి. మదరాసు నగరముపై హక్కు వదలుకొన్నచో ఆంధ్రుల విషయము ఆలోచింపవచ్చు నను చిన్న కిటికీ మాత్రము తెఱచియుంచిరి. ఆ వాయిదాకు వడ్డీ యెవరు చెల్లించిరి? 1952 అక్టోబరులో నిరాహారదీక్ష బూని డిసెంబరు 15న ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములుగారు చెల్లించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చినది. కాని శాంతముగా రావలసినది శోకముతో వచ్చినది. తెలంగాణమువారమగు మనకు వాయిదాల రుచి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1956 నాటి హామీలకును 2014 జూన్ 2వ తేదీకిని నడుమ ఎన్ని తరములు గడచినవో మన మెఱుగుదుము.

కావున పట్టాభిగారి లెక్కను ఇట్లు తేల్చవచ్చును. సంస్థను నిలుపుటలో వారి జాగ్రత్త గెలిచినది. హక్కు నిచ్చుటలో వారి జాగ్రత్త యోడినది. వారు 1952 మొదలు 1957 వఱకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండి 1959 డిసెంబరు 17న స్వర్గస్థులైరి. వారి బ్యాంకు వారికంటె అఱువదియేండ్లు అధికముగా జీవించినది. 1938లో తిరువాన్కూరు నేషనల్ క్విలాన్ బ్యాంకు కూలిపోగా దక్షిణదేశమంతయు గడగడలాడినది. ఆంధ్రా బ్యాంకు మాత్రము ఆ సంక్షోభమును దాటి నిలిచినది. 1964లో తన సోదరసంస్థయగు భారతలక్ష్మీ బ్యాంకును గూడ కలుపుకొన్నది. లక్ష రూపాయల విత్తనము వృక్షమైనది.

సామ్యవాదులు దీనికి బదులు చెప్పుదురు. ప్రైవేటు బ్యాంకులు వర్తకులకును కలవారికిని అప్పులిచ్చినవి గాని, చిన్నరైతు మొగము జూచినవి కావనియు, అందువలననే 1969 జూలైలో పదునాలుగు బ్యాంకులును, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో గూడ మఱి యాఱును జాతీయము చేయబడినవనియు వారి వాదము. ఈ వాదమును మేము కొట్టివేయము. జాతీయకరణముతరువాత పల్లెలకు బ్యాంకు శాఖలు వచ్చినవి. పంటరుణము సామాన్యుని చెవినబడినది. షావుకారు వాకిట చేతులు కట్టుకొని నిలుచు దైన్యము కొంత తగ్గినది. ఇది గొప్ప మేలు. కాని వాటాదారుని సొత్తు రాజ్యపు సొత్తైననాడే గట్టు కావలి చేతులు మారినది. కావలివాడు దూరమైనకొలది గండి యెప్పుడు పడునో ఊరివారికి తెలియదు.

ఆ గండి వరుసగా పడినది. నిజాం ప్రభుత్వము 1941లో స్థాపించిన హైదరాబాదు స్టేటు బ్యాంకు, తరువాత స్టేటు బ్యాంకు ఆఫ్ హైదరాబాదుగా మన పట్టణములందు నిలిచినది, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేటు బ్యాంకులో గలిసిపోయినది. మూడేండ్లకు అదే తేదీన ఆంధ్రా బ్యాంకు పోయినది. ప్రభువు పెట్టిన బ్యాంకును లేదు. ప్రజలు పెట్టిన బ్యాంకును లేదు. తెలుగుదేశమున తలయెత్తిన రెండు పెద్ద బ్యాంకుల ప్రధాన కార్యాలయములు ఇట్లు ముంబయికి తరలినవి. పెద్ద బ్యాంకు బలమైనదను మాట నిజమే; ఖాతాదారుని సొమ్ము నష్టపడలేదనుటయు నిజమే. ఐనను బలము వేఱు, బాంధవ్యము వేఱు. తమ పూర్వుల వస్తువులను కాపాడుదుమని చెప్పుకొను సంప్రదాయపక్షములవారును, ప్రజల సొత్తు ప్రజలదే యను అభ్యుదయపక్షములవారును ఈ రెండు పేర్లు తుడిచివేయబడునప్పుడు కొన్ని ప్రకటనలతో సరిపుచ్చుకొనిరి. ఉద్యోగులు చేసిన నిరసనలకు ఊళ్లు తోడురాలేదు.

బోధను కథయు నిట్టిదే. నిజాంసాగరపు నీరు త్రాగి పెరిగిన చక్కెర కర్మాగారమున 2002లో అధికభాగము వాటాలు ప్రైవేటువారి వశమైనవి. 2015 డిసెంబరులో దాని తలుపులు మూతబడినవి. మరల తెఱచెదమను వాగ్దానములు ఎన్నిక లెన్నికలకు వినబడినవి. ఒకప్పుడు చెఱకు బండ్లు బారులు తీరిన దారులలో రైతు వరివైపునకు మరలినాడు. కర్మాగారము ప్రభువుది, తరువాత సర్కారుది, ఆపైన కంపెనీది. చెఱకు పండించినవానిది మాత్ర మెన్నడును కాలేదు. మూతబడినప్పుడు అతని మాటకు సభలో ఓటు లేకపోవుటకు కారణ మిదియే. మహారాష్ట్రమున రైతులే వాటాదారులై నడుపుకొను సహకార చక్కెర కర్మాగారములు 1950వ దశకమునుండి వర్ధిల్లిన సంగతి మన సరిహద్దువారికి క్రొత్త గాదు. అందును కక్షలు, లోపములు లేవని కాదు. కాని తలుపు వేయుటకు ముందు రైతు నడుగవలసియుండును.

ఇప్పుడు ఏర్గట్ల, మోర్తాడు, బాల్కొండ, ఆర్మూరు సీమల పసుపును జూడుడు. పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. త్రవ్విన పిమ్మట ఉడుకబెట్టవలెను, ఎండబెట్టవలెను, మెఱుగు పెట్టవలెను. అంతట నిజామాబాదు మార్కెటునకు తోలవలెను. విత్తు మొదలు విక్రయము వఱకు రైతు చేతి డబ్బు బయటనే యుండును. ధర పడినప్పుడు కొమ్ములు నిల్వచేసికొని యాగగలవాడు బ్రతుకును. అప్పువాడు వాకిట నిలిచినవాడు వచ్చిన ధరకు అమ్మును. కావున ధర ప్రశ్న సగము పరపతి ప్రశ్నయే. 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీచేసిరనియు, వారిలో నూట డెబ్బదికి పైగా రైతులే యనియు దేశమంతయు నెఱుగును. పసుపునకు బోర్డు కావలెను, మద్దతు ధర కావలెనని వారి ఘోష. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమై నిజామాబాదే దానికి కేంద్రస్థాన మయ్యెను. సంతోషమే. కాని బోర్డు మార్గము చూపును. అదనునకు అప్పు నిచ్చి, ధర వచ్చువఱకు రైతు నాపగల సంస్థ యూరిలోనే యుండవలెను.

అట్టి సంస్థకు మార్గము దూరమున లేదు. 1956లో ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు అను భూస్వామి చుట్టుపట్ల గ్రామముల రైతులను కూర్చి సహకార గ్రామీణ బ్యాంకు, విక్రయ సంఘము నెలకొల్పిరి. అది నేటికిని నిలిచి, అప్పు నిచ్చుటయే గాక పంట గొని, శుద్ధిచేసి విక్రయించుచున్నది. ఆయన పార్లమెంటున కేగి పేరు పొందినవారు గారు. తన యూరి గట్టు కాచినవారు. పట్టాభిగారు పట్టణమున చేసిన పనిని పల్లెలో చేసి చూపినవారు. మన మండలములందును సహకార పరపతి సంఘములు లేకపోలేదు. పేరునకున్నవి. వానిలో వాటాదారుల సభ యెప్పుడు జరుగునో, లెక్కలు ఎవరు చదువుదురో, అధ్యక్షుని యెన్నిక పార్టీల బలాబలములకు ఎట్లు ఆటస్థలమగుచున్నదో చదువరులకు విదితమే.

ఈ స్థితికి నాయకులనే నిందించుట సులభము. కాని భూమిగల గృహస్థులును, పట్టణమునందలి విద్యావంతులును తమ వంతు గుర్తింపవలెను. తీసికొన్న యప్పును శక్తి యుండియు కట్టక, మాఫీ వచ్చునని యెదురుచూచువాడు తన యూరి చెఱువునకు తానే గండి కొట్టుచున్నాడు. ఋణమాఫీ కఱవునాటి గంజి. అది ప్రాణము నిలుపును, దానిని వలదనము. గంజి పోయువాడు వచ్చునని పొయ్యి రాజేయుట మానుకొన్న యిల్లు మాత్రము బాగుపడదు. సంఘమున వాటా కొనుట, సర్వసభ్యసభకు హాజరగుట, జమాఖర్చులు అడిగి చూచుట, బంధువైనను ఎగవేతదారుని పేరు సభలో చదివించుట, ఇవి చిన్నపనులు. 1923లో లక్ష రూపాయలు పోగుచేసిన మచిలీపట్టణపువారు ఇంతకంటె పెద్ద విద్య నేర్చినవారు గారు.

మొదట నడిగిన ప్రశ్నకు మా సమాధాన మిది. బ్యాంకరు రాజకీయమున దిగుట దోషము గాదు; ఎవరి సొమ్మునకు కావలివాడని తన్ను తా ననుకొనునో దానినిబట్టి యతడు మంచివాడో చెడ్డవాడో యగును. పట్టాభిగారు తమను ప్రజల సొమ్మునకు కావలివారుగా నెంచుకొనిరి. ఇయ్యవలసిన హక్కు విషయమున తడవు చేసిరి. వారి కావలిని గ్రహించి, వారి వాయిదాను విడుచుట మన ధర్మము. రాబోవు యెన్నికలలో ఏ పక్షమువాడు వచ్చి ఓటడిగినను, బోధను తలుపు లెప్పుడు తెఱచెదవని మాత్రమే యడిగి యూరకుండవలదు. తెఱచినపిదప అందు రైతునకు వాటా యెంత, సభలో ఓటెన్ని యని గూడ అడుగుడు. ఆ ప్రశ్నకు తేదీతో బదులు చెప్పగలవానికే మీ ఓటు.